పొరపాటు కార్యాలయానిది, జరిమానా కార్మికునిదా?

ఉద్యోగి జీతంలోనుండి పదవీ విరమణ నిధికి కోసిన ప్రతి రూపాయి రెండు చోట్ల సక్రమంగా నమోదు కావలసి ఉన్నది. ఒకటి, ఆ రూపాయి చేరవలసిన నిధి ఖాతా. రెండవది, ఆదాయపు పన్ను లెక్క. మొదటి చోట రూపాయి కనిపించకపోతే కార్మికుడు వెంటనే నిలదీస్తాడు, యూనియను కదులుతుంది. రెండవ చోట తప్పు పడితే మాత్రం ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. తెలిసేనాటికి దానిని దిద్దుకొనే గడువు దాటిపోయి ఉంటుంది. ఈ రెండవ లెక్క విషయంలో మన ఉద్యమం చూపవలసినంత శ్రద్ధ ఇంతవరకు చూపలేదు. ఆ సత్యాన్ని ముందుగా అంగీకరించి, అసలు విషయానికి వస్తున్నాము.

సమస్య దేశమంతటా ఉన్నదే. కాని దాని తీవ్రత అండమాన్ నికోబార్ దీవులలో స్పష్టంగా కనిపిస్తుంది గనుక అక్కడినుండే మొదలుపెడుతున్నాము. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుండి ఓడ ఎక్కి బంగాళాఖాతం దాటిన తెలుగువారి కథ మన పాఠకులకు కొత్త కాదు. 2011 జనగణన నాటికి ఆ దీవుల జనాభా 3,80,581. అందులో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. రేవు పనులలో, ప్రభుత్వ శాఖలలో, పాఠశాలలలో, చేపల వేటలో, కాంట్రాక్టర్ల క్రింద కట్టడపు పనులలో వారి చెమట ఉన్నది.

కేంద్రపాలిత ప్రాంతం గనుక అక్కడి పరిపాలనా యంత్రాంగపు ఉద్యోగులు కేంద్ర ప్రభుత్వ నియమాల పరిధిలోనివారు. 2004 జనవరి 1 నాటినుండి కొలువులో చేరినవారికి సాధారణంగా పాత పింఛను లేదు. వారి జీతంలోనుండి జాతీయ పింఛను పథకానికి ప్రతి నెలా వాటా కోస్తారు. ప్రైవేటు సంస్థలలో, కాంట్రాక్టర్ల క్రింద పనిచేసేవారికి ప్రావిడెంటు ఫండే ఆధారం. పాత పింఛను పునరుద్ధరణకై కార్మికవర్గం సాగిస్తున్న పోరాటం వేరే విషయం, అది సాగవలసినదే. అంతవరకు కోసిన సొమ్ముకు లెక్క సరిగా ఉండాలని కోరుట ఆ పోరాటానికి విరుద్ధం కాదు, అందులో భాగమే.

లెక్క ఎక్కడ తప్పుతున్నది?

జాతీయ పింఛను పథకంలో ఉద్యోగి మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంపై 10 శాతం తన వాటాగా చెల్లిస్తాడు. కేంద్ర ప్రభుత్వపు వాటా 2019 ఏప్రిల్ 1 నుండి 14 శాతం. పన్ను లెక్కలో ఈ ప్రభుత్వ వాటాను ముందుగా ఉద్యోగి జీతంలో కలపాలి. ఆ తరువాత 80 సి.సి.డి.(2) సెక్షను క్రింద మినహాయించాలి. కలుపుట ఒక మెట్టు, తీసివేయుట మరొక మెట్టు. జీతాల బిల్లులు తయారుచేసే కార్యాలయం ఈ రెండు మెట్లలో ఏ ఒక్కటి మరచినా లెక్క తలక్రిందులవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాము. మూలవేతనం, కరువు భత్యం కలిసి నెలకు 50,000 రూపాయలు గల ఉద్యోగికి ప్రభుత్వ వాటా సంవత్సరానికి 84,000 రూపాయలు. దీనిని జీతంలో కలిపి, మినహాయించుట మరచిపోయారనుకొందాము. పాత పన్ను పద్ధతిలో 20 శాతం శ్రేణిలో ఉన్న ఆ ఉద్యోగి, 4 శాతం సెస్సుతో కలిపి, ఒక్క సంవత్సరంలోనే 17,472 రూపాయలు అదనంగా చెల్లించినవాడవుతాడు. అదే తప్పు మూడేళ్లు సాగితే 52,416 రూపాయలు. ఇది అతనికి నెల జీతంతో సమానమైన మొత్తం.

ఇక దీనికి విరుద్ధంగా కూడా జరుగుతుంది. వాటాను జీతంలో కలపకుండానే మినహాయింపు మాత్రం చూపితే, అంత మేరకు పన్ను తక్కువ పడుతుంది. ఉద్యోగికి ఆ సంగతి తెలియదు. చేతికి వచ్చిన 16వ నంబరు ఫారం నిజమని నమ్మి అందులోని అంకెలనే రిటర్నులో ఎక్కిస్తాడు. కొన్నేళ్లకు పన్ను శాఖనుండి తాఖీదు వచ్చినపుడు జవాబు చెప్పుకొనవలసినవాడు అతడే గాని, ఆ ఫారం మీద సంతకం చేసిన అధికారి కాడు.

ప్రావిడెంటు ఫండు విషయంలో తప్పులు మరో రకంగా పడతాయి. కాంట్రాక్టరు మారినపుడల్లా కార్మికునికి కొత్త ఖాతా తెరుచుట, పాత ఖాతాలోని సొమ్మును బదిలీ చేయించక తీసివేయించుట మనకు తెలిసినదే. అయిదేళ్ల నిరంతర సర్వీసు నిండకుండా తీసిన సొమ్ము పన్నుకు లోబడుతుంది. 50,000 రూపాయలు గాని అంతకు మించి గాని ఉంటే 10 శాతం పన్ను అక్కడికక్కడే కోస్తారు. పాన్ నంబరు ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. కాని పాత యజమాని వద్దనున్న నిల్వ కొత్త ఖాతాకు బదిలీ అయి ఉంటే ఆ సర్వీసు కూడా అయిదేళ్లలో లెక్కకు వస్తుంది. అనారోగ్యం వల్ల గాని, యజమాని వ్యాపారం మూతపడుట వల్ల గాని, కార్మికుని చేతిలో లేని మరే కారణం వల్ల గాని కొలువు పోయినపుడు అయిదేళ్ల నిబంధన వర్తించదు. ఈ సంగతులు చెప్పేవారు లేక, పన్ను కట్టవలసినంత ఆదాయమే లేని కూలీ సైతం 10 శాతం పోగొట్టుకొని ఊరుకొంటున్నాడు. రిటర్ను దాఖలు చేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుందని అతనికి ఎవరు చెప్పాలి?

2014 అక్టోబరులో ప్రతి సభ్యునికి ఒకే శాశ్వత నంబరు ఇచ్చే పద్ధతి వచ్చిన పిమ్మట ఈ బెడద కొంత తగ్గిన మాట నిజమే. కాని పేరులో ఒక అక్షరం తేడా, పుట్టిన తేదీలో ఒక అంకె తేడా ఉన్నచోట బదిలీ నేటికీ ఆగిపోతుంది. తెలుగు పేరును ఒక కార్యాలయం ఒక రకంగా, మరొక కార్యాలయం మరొక రకంగా ఆంగ్లంలో వ్రాసుకొన్న ఫలితాన్ని కార్మికుడు అనుభవించవలసి వస్తున్నది.

దీవులలో ఈ కష్టం రెట్టింపవుతుంది. రిటర్నులు కంప్యూటరు ద్వారానే దాఖలు చేయాలని ఒక ప్రక్క ప్రభుత్వం నిర్బంధిస్తుండగా, దీవులు ఉపగ్రహ సంబంధంపైనే ఆధారపడి ఉండేవి. చెన్నైనుండి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల తంతి వేసి ప్రారంభించినది 2020 ఆగస్టు 10న మాత్రమే. అంతకు ముందు సంవత్సరాలలో ఒక్క పత్రం పంపుటకు కూడా ఎన్నిసార్లు ప్రయత్నించవలసి వచ్చినదో అక్కడివారిని అడిగితే చెబుతారు. 2024 సెప్టెంబరులో పోర్టుబ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. పేరు మారినా, పన్ను విషయంలో పెద్ద నిర్ణయం కావలసిన ప్రతిసారీ కాగితం వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి ప్రధాన భూభాగానికి పోవలసిన స్థితి మారలేదు.

రెండు ద్వారాలు, రెండు న్యాయాలు

తప్పు ఎవరికైనా దొర్లుతుంది. దానిని దిద్దుకొనుటకు చట్టం ఏ దారి చూపుతున్నదన్నదే అసలు ప్రశ్న. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానికి బదులుగా, 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు, 2025లో కొత్త చట్టం ఆమోదింపబడినది. గడచిన సంవత్సరాల లెక్కలకు పాత చట్టమే వర్తిస్తుంది గనుక ఇక్కడ పాత సెక్షన్లనే పేర్కొంటున్నాము.

కార్మికుడు ప్రభుత్వానికి బాకీపడిన పక్షంలో ద్వారం విశాలంగా తెరిచి ఉన్నది. 2022లో ప్రవేశపెట్టిన అప్‌డేటెడ్ రిటర్ను పద్ధతికి మొదట రెండేళ్ల గడువు ఇచ్చారు. 2025లో దానిని మదింపు సంవత్సరం ముగిసిన తరువాత నాలుగేళ్లకు పెంచారు. మొదటి సంవత్సరంలో కట్టితే పన్ను, వడ్డీ కలిసిన మొత్తంపై 25 శాతం అదనం. రెండవ సంవత్సరంలో 50, మూడవదానిలో 60, నాలుగవదానిలో 70 శాతం. పై ఉదాహరణలోని 17,472 రూపాయలు తక్కువ పడిన ఉద్యోగి నాలుగవ సంవత్సరంలో తన తప్పు కాని తప్పును దిద్దుకొనబోతే, వడ్డీని ప్రక్కన పెట్టినా, అదనపు పన్నే 12,230 రూపాయలవుతుంది.

ప్రభుత్వమే కార్మికునికి బాకీపడిన పక్షంలో ఈ ద్వారం మూతపడుతుంది. పన్ను తగ్గించుకొనుటకు గాని, వాపసు కోరుటకు గాని అప్‌డేటెడ్ రిటర్ను పనికిరాదని చట్టమే చెబుతున్నది. అందుకు సవరించిన రిటర్ను ఒక్కటే నేరుగా ఉన్న మార్గం. 2024-25 ఆర్థిక సంవత్సరపు రిటర్నుకు ఆ గడువు 2025 డిసెంబర్ 31తో ముగిసినది. యజమాని 16వ నంబరు ఫారం ఇచ్చుటకు జూన్ 15 వరకు సమయం ఉన్నది గనుక, కార్మికునికి మిగిలినది ఆరున్నర నెలలు. ఇచ్చుటకు నాలుగేళ్లు, పుచ్చుకొనుటకు ఆరున్నర నెలలు! అమెరికాలో రిటర్ను దాఖలు చేసిన నాటినుండి మూడేళ్లలోగా సవరణ దాఖలు చేసి ఎక్కువ కట్టిన పన్నును కోరవచ్చు. బ్రిటన్‌లో పన్ను సంవత్సరం ముగిసిన తరువాత నాలుగేళ్ల వరకు కోరవచ్చు. మన కార్మికుడు చేసిన నేరమేమిటి?

ఇంతటితో ఆగలేదు. యజమాని కోసిన పన్ను వివరాలను మూడు నెలలకొకసారి శాఖకు పంపుతాడు. అందులోని తప్పును దిద్దే సవరణ పత్రానికి పూర్వం కాలపరిమితి లేదు. 2024లో ఆరేళ్ల హద్దు పెట్టారు. 2025 చట్టం దానిని రెండేళ్లకు కుదించినది. కార్మికుడు అదనపు పన్నుతో చెల్లించుకొనే గడువును నాలుగేళ్లకు పెంచిన సంవత్సరంలోనే, యజమాని తన తప్పును దిద్దవలసిన గడువును రెండేళ్లకు తగ్గించారన్నమాట. యజమానికి రెండేళ్ల తరువాత విముక్తి, కార్మికునికి నాలుగేళ్ల వరకు శిక్ష. దీనిని న్యాయమని ఏ నోటితో అనగలము?

పాలకులకు న్యాయమైన మార్గం తెలియక కాదు. జాతీయ పింఛను పథకం అమలుకై 2021 మార్చి 30న ప్రకటించిన కేంద్ర సివిల్ సర్వీసుల నియమాలలో, వాటా సకాలంలో ఖాతాకు చేరకపోతే ఆలస్యానికి ఉద్యోగికి వడ్డీ ఇవ్వాలని ఉన్నది. చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో 2022 అక్టోబర్ 12న సుప్రీంకోర్టు, ఉద్యోగి వాటాగా కోసిన సొమ్ము యజమాని సొంతం కాదని, గడువులోగా నిధికి జమచేయని పక్షంలో ఆ మేరకు యజమానికి పన్ను మినహాయింపు లేదని తేల్చినది. నిధి లెక్కలో తప్పు చేసినవాడే నష్టం భరించాలన్న సూత్రం అంగీకృతమైనది. పన్ను లెక్కకు ఆ సూత్రం ఎందుకు వర్తించరాదు?

నేడు ఉన్న మార్గాలు

న్యాయం కోరుతూనే, చేతిలో ఉన్న మార్గాలను వదలుకొనరాదు.

జీతంలో పన్ను కోసి, దానిని ప్రభుత్వానికి చెల్లించని యజమానులు ఉన్నారు. అటువంటి సందర్భంలో కోసిన మేరకు ఉద్యోగినుండి మళ్లీ పన్ను వసూలు చేయరాదని 205వ సెక్షను శాసిస్తున్నది. బలవంతపు వసూళ్లు కూడదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లోను, 2016లోను తన అధికారులకు ఆదేశాలిచ్చినది. కనుక ప్రతి నెలా జీతపు చీటీని భద్రపరచుకొనుట అత్యవసరం. పన్ను కోసినట్లు రుజువు అదే.

గడువు దాటిన వాపసు కోసం 119(2)(బి) సెక్షను క్రింద జాప్యాన్ని మన్నించవలసినదిగా దరఖాస్తు చేసికొనవచ్చు. బోర్డు 2024 అక్టోబర్ 1న వెలువరించిన 11వ నంబరు సర్క్యులరు ప్రకారం మదింపు సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోగా ఈ దరఖాస్తు పెట్టాలి. అంతకు పూర్వం ఆరేళ్లుండేది. 2020-21 ఆర్థిక సంవత్సరంలో ఎక్కువ కోసిన పన్నుకు మదింపు సంవత్సరం 2021-22 గనుక, గడువు 2027 మార్చి 31. కోటి రూపాయల లోపు వాపసులను కమిషనరు స్థాయిలోనే నిర్ణయించవచ్చు. దరఖాస్తు అందిన నెల చివరినుండి సాధ్యమైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలి. నిజమైన ఇబ్బంది కలిగినదని నిరూపించవలసి ఉంటుంది. ఇట్లు వచ్చిన వాపసుపై వడ్డీ ఇవ్వరు. ఇది హక్కు వలె గాక దయ వలె ఇవ్వబడుతున్నదన్న విమర్శ మనకున్నది. అయినా దీనిని ఉపయోగించుకొనక తప్పదు.

రిటర్నులో మినహాయింపును సరిగానే చూపినా శాఖ లెక్కలో పడిపోయిన పక్షంలో 154వ సెక్షను క్రింద, ఉత్తర్వు వెలువడిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాలుగేళ్లలోగా సవరణ కోరవచ్చు. 2023-24 నుండి కొత్త పన్ను పద్ధతే సహజ పద్ధతి అయినది. ఉద్యోగి ప్రావిడెంటు ఫండు వాటాకు అందులో మినహాయింపు లేదు, యజమాని చెల్లించిన పింఛను వాటాకు మాత్రం ఉన్నది. పాత పద్ధతి కోరుకొనే జీతగాడు రిటర్నును గడువు తేదీలోపలే దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఆ అవకాశమే పోతుంది.

ఇక మనవారికి ఒక కటువైన మాట కూడా చెప్పవలసి ఉన్నది. ఎంతో కొంత వాపసు తెప్పిస్తామని, అందులో వాటా ఇవ్వాలని చెప్పి, లేని ఖర్చులు, లేని విరాళాలు చూపి రిటర్నులు వేసే దళారులు పట్టణాలనిండా ఉన్నారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల ఇటువంటి వ్యవహారాలపై సోదాలు జరిపినది. అంతకు ముందు నాలుగు నెలలలో సుమారు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకొని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు కోర్కెలను ఉపసంహరించుకొన్నారని శాఖ ప్రకటించినది. నిజమైన పొరపాటుకు మనము అండగా నిలుస్తాము. అబద్ధానికి అండ కాజాలము. పైగా, దళారి వేసిన ప్రతి అబద్ధపు రిటర్ను, కార్యాలయం చేసిన తప్పుకు బలియై న్యాయం కోరుతున్న కార్మికుని మాటను కూడా అనుమానింపజేస్తుంది.

మా కోర్కెలు

ఒకటి: తప్పు యజమాని ఇచ్చిన ధ్రువపత్రంలో ఉన్నపుడు, నాలుగేళ్ల గడువులోపల ఉద్యోగి వాపసు కోసం కూడా అప్‌డేటెడ్ రిటర్ను దాఖలు చేసికొనుటకు వీలు కల్పించాలి. ఆ వాపసుపై వడ్డీ ఇవ్వాలి.

రెండు: యజమాని సవరణ పత్రానికి గల గడువు కార్మికుని గడువుకంటె తక్కువ ఉండరాదు. కార్మికుడు వ్రాతపూర్వకంగా తప్పును చూపిన 30 దినాలలో దిద్దకపోతే, దానివల్ల పడిన వడ్డీని, అదనపు పన్నును యజమాని లేదా సంబంధిత కార్యాలయమే భరించాలి.

మూడు: 16వ నంబరు ఫారంతో పాటు, నిధికి కోసినదెంత, జమ అయినదెంత, పన్ను లెక్కలో చూపినదెంత అనే మూడు అంకెలుగల చీటీని కార్మికునికి తెలిసిన భాషలో ఇవ్వాలి. ఈ మూడు అంకెలు ఎదురెదురుగా ఉంటే, అక్షరజ్ఞానం గల ఏ కార్మికుడైనా తప్పును అదే రోజున పట్టగలడు.

నాలుగు: జాప్యాన్ని మన్నించవలసిన దరఖాస్తులను విచారించుటకు పన్ను శాఖ అధికారులు సంవత్సరానికి రెండు పర్యాయాలు దీవులకు రావాలి. కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి అక్కడ కూర్చుంటున్నది. న్యాయస్థానం సముద్రం దాటి రాగలిగినపుడు ఒక శాఖ అధికారి రాలేడా?

ప్రభుత్వాన్ని కోరేది ఇది. మనము చేసికొనవలసినది కూడా ఉన్నది. ప్రతి అనుబంధ యూనియను ఏటా జూన్ 15 తరువాత రెండు ఆదివారాలు కేటాయించి సభ్యుల ఫారాలను, పాసుపుస్తకాలను, జీతపు చీటీలను ప్రక్కప్రక్కన పెట్టి చూడాలి. గడచిన అయిదేళ్ల కాగితాలను కూడా తీయించాలి. ఒక కార్యాలయంలో ఒకరి లెక్క తప్పినదంటే అదే బిల్లులోని మిగిలినవారి లెక్క కూడా తప్పి ఉండుటకు ఎక్కువ అవకాశం ఉన్నది. ఒంటరిగా పెట్టిన దరఖాస్తు బల్ల అడుగున పడుతుంది. నలభైమంది ఒకే తప్పును చూపుతూ పెట్టిన దరఖాస్తును ఏ అధికారీ విస్మరించలేడు. లెక్కలు తెలిసిన విశ్రాంత ఉద్యోగులు ఈ పనికి ముందుకు రావాలని విజ్ఞప్తి చేస్తున్నాము.

పదవీ విరమణ నాడు సభ చేసి, దండ వేసి, శాలువా కప్పి పంపుట మన సంప్రదాయం. ముప్పై ఏళ్ల కష్టంలోనుండి కోసిన సొమ్ముకు సరియైన లెక్క అప్పగించుట ఆ శాలువాకంటె పెద్ద సన్మానం. ఆ లెక్కను అడుగుట కార్మికుని హక్కు, అడిగించుట యూనియను బాధ్యత.